అలెక్సీ ట్రోయిట్‌స్కీ

అలెక్సీ అలెక్సీయెవిచ్ ట్రోయిట్‌స్కీ (మార్చి 14, 1866 - ఆగష్టు 1942) రష్యాకు చెందిన సుప్రసిద్ధ చదరంగ రచయిత. ఆట ముగింపు దశకు సంబంధించిన కల్పిత సమస్యలను రచించడంలో ఇతడు అగ్రగణ్యుడు. వీటిని ఆంగ్లంలో ఎండ్‌గేమ్ స్టడీలు అంటారు. ఫ్రాన్సుకు చెందిన హెన్రీ రింక్‌తో పాటు ఇతనిని ఆధునిక స్టడీ రచనకు ఆద్యునిగా పరిగణిస్తారు. ఒక బంటు మాత్రమే మిగిలిన ప్రత్యర్థి రాజును రెండు గుర్రాలతో కట్టివేయడం చదరంగంలో మిక్కిలి దుస్సాధ్యమైన ఆటకట్టులలో ఒకటి. దాని సిద్ధాంతాన్ని కనుగొన్నవానిగా ఇతని పేరు చిరస్థాయిగా నిలిచింది.

జీవితం

ట్రోయిట్‌స్కీ సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో జన్మించాడు. అక్కడి అటవీ విద్యాసంస్థలో చదువుకున్నాడు. ఆ రోజుల్లోనే రష్యా చదరంగ వీరులలో మేటి అయిన మిఖాయిల్ చిగోరిన్‌తో పరిచయం కలిగింది. చిగోరిన్ అప్పట్లో నోవోయె వ్రేమ్యా అనే దినపత్రికలో చదరంగ శీర్షికను నిర్వహించేవాడు. ట్రోయిట్‌స్కీ తొలి రచనలు 1895లో ఆ పత్రికలోనే వెలువడ్డాయి.

చదువు ముగిసిన పిదప స్మోలెన్స్క్ ప్రాంతంలో అటవీ అధికారిగా ఉద్యోగం చేశాడు. రాజధానిలోని చదరంగ సంఘాలకు, పోటీలకు అది చాలా దూరం. అయితే స్టడీ రచనకు ఎదుట ప్రత్యర్థి కూర్చోనవసరం లేదు. బల్ల, పావులు, ఓపిక ఉంటే చాలును. ఓపిక మాత్రం ఇతనికి అపారంగా ఉండేదని ఇతని పరిశోధనలే చెబుతాయి.

తొలి స్టడీ

1895 నాటి ఒక చిన్న స్టడీ నేటికీ పాఠ్యగ్రంథాలలో కనిపిస్తుంది. తెల్లవారికి రాజు గాక ఒక శకటు, ఒక బంటు మాత్రమే ఉంటాయి. నల్లవారికి రెండు బంట్లు. తెల్ల బంటు చివరి గడికి చేరి మంత్రి అవుతుంది. అయితే ఆ మంత్రిని అక్కడికక్కడే నల్ల రాజుకు బలి ఇవ్వవలసి ఉంటుంది. చంపక తప్పని ఆ రాజు మూలకు నెట్టబడుతుంది. పక్కనే ఉన్న దాని సొంత బంటే దారికి అడ్డుగా నిలుస్తుంది. మిగిలిన ఒక్క శకటుతో ఆట కట్టు! బోర్డు మీద ఆరే పావులతో ఇంతటి చమత్కారాన్ని సాధించడం ఆనాటి పాఠకులకు కొత్త.

రెండు గుర్రాల సమస్య

ఒంటరి రాజును రెండు గుర్రాలు, రాజు కలిసి కూడా బలవంతంగా కట్టివేయలేవు. ఆటకట్టు స్థితి బోర్డు మీద ఉండగలదు గాని, ఎదుటివాడు పొరపాటు చేస్తేనే అది వస్తుంది. రాజును మూలకు తరిమి చివరి ఎత్తుకు సిద్ధమయ్యే సరికి దానికి కదలడానికి గడి మిగలదు. షా లేకుండా కదలిక లేకపోతే నిబంధనల ప్రకారం ఆట సమానమవుతుంది. దీనినే స్టేల్‌మేట్ అంటారు.

ప్రత్యర్థికి ఒక బంటు ఉంటే ఈ లెక్క తలక్రిందులవుతుంది. రాజు కదలలేకపోయినా బంటు కదలగలదు, కదలి తీరాలి. అందుచేత స్టేల్‌మేట్ కలుగదు. తనను రక్షించవలసిన బంటే రాజు పాలిట శాపమవుతుంది. ఈ సంగతి ట్రోయిట్‌స్కీకి ముందే కొందరికి తెలుసు. 18వ శతాబ్దంలో షాపే అనే ఫ్రెంచి రచయిత దీనిని పరిశీలించాడు. అయితే ఏ స్థితిలో గెలుపు తథ్యమో చెప్పే సూత్రం అప్పటికి లేదు.

పద్ధతి ఇది. ఒక గుర్రం బంటుకు ఎదురుగా నిలిచి దానిని ఆపుతుంది. రెండవ గుర్రం, రాజు కలిసి ప్రత్యర్థి రాజును మూలకు తరుముతాయి. రాజు పూర్తిగా చిక్కుకున్న తరువాత మొదటి గుర్రం బంటును వదలి పరుగున వచ్చి ఆట కట్టివేయాలి. ఈలోగా బంటు మంత్రి కావడానికి పరుగెడుతుంది. కనుక బంటును ఎంత వెనుక ఆపితే గుర్రానికి అంత వ్యవధి దొరుకుతుంది. చెప్పడానికి తేలికే గాని, రాజును తరిమే దారిలో ఒక్క ఎత్తు తప్పితే మళ్ళీ మొదటికి వస్తుంది.

ట్రోయిట్‌స్కీ ఈ విషయమై తన పరిశోధనలను 20వ శతాబ్దపు తొలి దశకంలో జర్మను చదరంగ పత్రికలో ప్రకటించడం మొదలుపెట్టాడు. నల్ల బంటును ఎ4, బి6, సి5, డి4, ఇ4, ఎఫ్5, జి6, హెచ్4 గడులలో గాని, వాటికి వెనుక గాని గుర్రం గట్టిగా ఆపగలిగితే, మిగిలిన పావులు ఎక్కడ ఉన్నా తెల్లవారిదే గెలుపని తేల్చాడు. ఈ గడులను కలిపే వంకర గీతనే ట్రోయిట్‌స్కీ రేఖ అంటారు. బంటు రేఖను దాటినా కొన్ని స్థితులలో గెలుపు సాధ్యమే.

గ్రంథాలు, గుర్తింపు

1924లో బెర్లిన్‌లో 500 స్టడీల సంపుటి జర్మను భాషలో వెలువడింది. 1928లో సోవియట్ రష్యా ప్రభుత్వం ఇతనికి సమ్మానిత కళాకారుడు అనే బిరుదునిచ్చింది. చదరంగ రచనను కళగా ప్రభుత్వం గుర్తించిన సందర్భమిది. 1937లో ఇంగ్లండులో వచ్చిన ఆంగ్ల సంపుటిలో రెండు గుర్రాల సిద్ధాంతం కూడా చేర్చబడింది.

మరణం

1941 సెప్టెంబరులో జర్మను సేనలు లెనిన్‌గ్రాడ్‌ను ముట్టడించాయి. ఇతని జన్మస్థలమైన సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు అప్పటి పేరు అదే. ఆహారం లేక లక్షలాది పౌరులు మరణించిన ఆ దిగ్బంధంలోనే 1942 ఆగష్టులో ట్రోయిట్‌స్కీ ఆకలితో కన్నుమూశాడు. అచ్చుకాని వ్రాతప్రతులు కూడా నశించాయి. మరో గొప్ప స్టడీ రచయిత లియోనిద్ కుబ్బెల్ అంతకు కొద్ది నెలల ముందు అదే నగరంలో మరణించాడు. రష్యా స్టడీ రచనకు ఒక్క సంవత్సరంలో ఇంతకు మించిన నష్టం ఊహించలేము.

కంప్యూటర్ పరీక్ష

20వ శతాబ్దం చివరలో ఈ ముగింపు స్థితులన్నిటినీ కంప్యూటర్లు లెక్కించాయి. కాగితం మీద, చేతితో చేసిన ట్రోయిట్‌స్కీ విశ్లేషణ ఆశ్చర్యకరమైన కచ్చితత్వంతో ఉన్నదని గ్రాండ్‌మాస్టర్ జాన్ నన్ వంటి నిపుణులు నిర్ధారించారు. అయితే కొన్ని స్థితులలో గెలుపునకు 115 ఎత్తుల వరకు పడుతుందని కూడా తేలింది. బంటు కదలక, ఏ పావూ చావక 50 ఎత్తులు గడిస్తే ఆట సమానమని కోరవచ్చునన్న నిబంధన ఇక్కడ అడ్డువస్తుంది. అందువలన ట్రోయిట్‌స్కీ రేఖ ప్రకారం గెలువవలసిన ఆట కూడా పోటీలలో గెలవకపోవచ్చు. ఇటువంటి ముగింపులకు కొంతకాలం ఇచ్చిన సడలింపులను అంతర్జాతీయ సమాఖ్య ఫిడే తరువాత తొలగించింది. 50 ఎత్తులలోపు గెలుపు వచ్చే హద్దును జర్మను గ్రాండ్‌మాస్టర్ కార్‌స్టెన్ ముల్లర్ వేరుగా గుర్తించి, దానికి రెండవ ట్రోయిట్‌స్కీ రేఖ అని పేరు పెట్టాడు.