శిఖరానికి పేరిచ్చిన సర్వేయరు.. మన పటాలకు పునాది వేశారు

కోస్గి: సెల్‌ఫోన్ చూపే అక్షాంశ, రేఖాంశాలను పాత సర్వే పటం మీద గుర్తిస్తే ఒకే బావి రెండు చోట్ల ఉన్నట్లు తేలుతుంది. మన ప్రాంతంలో ఈ తేడా సుమారు 100 నుంచి 200 మీటర్ల వరకు ఉంటుంది. యంత్రం చెడిపోలేదు, పటం గీసినవారూ పొరబడలేదు. ఉపగ్రహాలు లెక్కలోకి తీసుకునే భూగోళం వేరు, పాత పటం ఆధారపడిన భూగోళం వేరు. ఆ రెండో భూగోళాన్ని దక్కను మెట్టల మీదుగా సాగిన కొలతలతో లెక్కగట్టినవారు సర్ జార్జ్ ఎవరెస్ట్. ప్రపంచంలో అత్యున్నత శిఖరానికి ఆయన పేరు పెట్టారని బడిపిల్లలకు సైతం తెలుసు. భారతదేశంలో త్రిభుజాల సర్వేలో ఆయన పని హైదరాబాదు నుంచి మొదలైన సంగతి మాత్రం ఎక్కువ మందికి తెలియదు.

ఎవరెస్ట్ 1790 జులై 4న బ్రిటన్‌లో జన్మించారు. పదహారేళ్ల ప్రాయంలో, 1806లో, ఈస్టిండియా కంపెనీ బెంగాల్ ఫిరంగి దళంలో చేరి భారతదేశానికి వచ్చారు. 1814 నుంచి 1816 వరకు జావా ద్వీపంలో సర్వే చేశారు. 1818లో కర్నల్ విలియం లాంబ్టన్‌కు ప్రధాన సహాయకునిగా నియమితులై హైదరాబాదు చేరుకున్నారు.

లాంబ్టన్ అప్పటికే దక్షిణ భారతమంతటా త్రిభుజాల వల పరచి ఉన్నారు. 1802 ఏప్రిల్‌లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ సమీపంలో ఒక ఆధార రేఖను ఉక్కు గొలుసుతో అతి జాగ్రత్తగా కొలిచి ఆయన ఈ పని ఆరంభించారు. రేఖ రెండు కొనల నుంచి దూరపు గుట్టను చూసి కోణాలు తీస్తే, గొలుసు పరచకుండానే ఆ గుట్ట దూరం లెక్కకు వస్తుంది. అలా వచ్చిన భుజం తరువాతి త్రిభుజానికి ఆధారం. కోణాలు తీసే థియోడొలైట్ బరువు సుమారు అర టన్ను. దానిని గుట్టల మీదికి, గోపురాల మీదికి మనుషులే ఎక్కించేవారు. కన్యాకుమారి నుంచి 78వ రేఖాంశానికి దగ్గరగా ఉత్తరానికి సాగిన ఈ వరుస 1815 నాటికి నిజాం రాజ్యంలోని బీదర్‌కు చేరింది.

పేరు ఒకటే.. ఊళ్లు రెండు

ఈ సర్వే గ్రంథాలలో దామరగిద్ద అన్న పేరు పదే పదే వస్తుంది. మన జిల్లాలోని మండల కేంద్రమే అదని ఎవరైనా సంబరపడితే తప్పుపట్టలేం. కానీ ఆ పేరు పక్కన రాసిన అక్షాంశం 18 డిగ్రీల 3 నిమిషాలు. మన దామరగిద్ద 17 డిగ్రీలకు దిగువన ఉంది. గ్రంథాలలోని గుట్ట నూరు కిలోమీటర్లకు పైగా ఉత్తరాన, బీదర్ వైపున ఉన్నదన్నమాట. ఊరి పేరు దారి తప్పించే చోట అంకె దారి చూపుతుందనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

ఇక సంబరపడదగిన సంగతి మరొకటి ఉంది. పాత పటాలన్నింటికీ మూలబిందువు మధ్యప్రదేశ్‌లోని కల్యాణ్‌పూర్. దాని రేఖాంశం 77 డిగ్రీల 39 నిమిషాలు. కోస్గి రేఖాంశం సుమారు 77 డిగ్రీల 43 నిమిషాలు. కల్యాణ్‌పూర్ నుంచి నేరుగా దక్షిణానికి వస్తే కోస్గికి కొద్ది కిలోమీటర్ల పడమరగా సాగిపోతామన్నమాట.

అడవిలో జ్వరం

హైదరాబాదుకు వచ్చిన ఎవరెస్ట్‌కు లాంబ్టన్ తూర్పున కృష్ణా, గోదావరి నదుల మధ్య ప్రాంతాన్ని అప్పగించారు. ఎండాకాలంలో దుమ్ము, ఆవిరి కమ్మి దూరపు గుట్టలు కానరావు. వానలు పడితే గాలి తేటపడుతుంది. అందుకే సర్వే బృందాలు వానాకాలంలో బయలుదేరేవి. వానాకాలమే అడవి జ్వరాలకు అదను. 1819లో ఎవరెస్ట్ సహా బృందంలో అత్యధికులు జ్వరాన పడ్డారు, కొందరు ప్రాణాలు కోల్పోయారు. మిగిలినవారిని హైదరాబాదుకు మోసుకురావలసి వచ్చింది. మృతులలో కూలీలు, జెండా పట్టేవారు ఎందరో, వారి పేర్లేమిటో చరిత్ర పట్టించుకోలేదు. పటం అంచున అధికారి పేరే ఉంటుంది కదా.

ఆ జ్వరం ఎవరెస్ట్‌ను జీవితాంతం వెన్నాడింది. కోలుకోవడానికి 1820లో దక్షిణాఫ్రికాలోని కేప్‌కు వెళ్లారు. అక్కడ 18వ శతాబ్దంలో ఫ్రెంచి ఖగోళవేత్త లకాయ్ చేసిన భూమి కొలతలు ఎందుకో పొసగకుండా ఉండేవి. ఎవరెస్ట్ ఆ స్థలాలను పరిశీలించి, దగ్గరి కొండల బరువు తూకపు గుండును తమవైపు లాగి ఉండాలని నిర్ధారించారు. గుండు నిటారుగా వేలాడకపోతే నక్షత్రాలను చూసి తీసిన అక్షాంశం తప్పుతుంది. విశ్రాంతికి వెళ్లిన మనిషి భూగోళ శాస్త్రంలో పెద్ద పాఠం నేర్చుకుని తిరిగి వచ్చారు.

1823 జనవరి 20న లాంబ్టన్ నాగపూర్ దారిలో హింగన్‌ఘాట్ వద్ద మరణించారు. సర్వే బాధ్యత ఎవరెస్ట్‌పై పడింది. ఆయన వరుసను కల్యాణ్‌పూర్ వరకు చేర్చి, ఆరోగ్యం పూర్తిగా దెబ్బతినడంతో 1825లో ఇంగ్లండు వెళ్లారు. 1830లో వెలువరించిన గ్రంథంలో దామరగిద్ద నుంచి కల్యాణ్‌పూర్ వరకు గల కొలతలను వివరించారు. భూమి ఆకారం గురించిన అంకెలను సైతం లెక్కగట్టారు. అదే ఏడు సర్వేయర్ జనరల్‌గా తిరిగి వచ్చి పద్ధతులు మార్చారు. రాత్రిపూట దీపాలు వెలిగించి కోణాలు తీయించారు. పొడి రోజుల్లోనూ పని సాగింది, వానాకాలపు అడవులలో తిరగవలసిన అగత్యం తగ్గింది. గొలుసు స్థానంలో వేడికి పొడవు మారని జంట లోహపు కడ్డీలు వచ్చాయి. 1841లో బీదర్ ఆధార రేఖను తిరిగి కొలిచినప్పుడు ఉత్తరాది నుంచి త్రిభుజాలతో లెక్కించి తెచ్చిన పొడవుకూ దానికీ తేడా అంగుళాలలోనే వచ్చింది. హిమాలయాల వరకు సుమారు 2,400 కిలోమీటర్ల వరుస పూర్తయింది.

ఎవరెస్ట్ ముక్కోపి. కింది ఉద్యోగులను దుర్భాషలాడేవారు. చూపుకు అడ్డమని చెట్లను, ఇళ్లను కూల్పించారు. దుర్భిణితో అంతఃపురాల్లోకి తొంగి చూస్తారని జనం ఆయన బృందాలను అనుమానించేవారు. అయినా పనిమంతుడు కనిపిస్తే గుర్తించేవారు. ఆర్కాటుకు చెందిన సయ్యద్ మీర్ మొహ్సిన్ హుస్సేన్ చెడిన థియోడొలైట్లను బాగుచేసి ఆయన మెప్పు పొందారు. 1831లో చేరిన బెంగాలీ యువకుడు రాధానాథ్ సిక్దర్ గణితంలో ఆయనకు కుడిభుజమయ్యారు.

రెండెకరాలు ఎటు పోయినట్లు?

హద్దు కొలిచే ఇద్దరు వేర్వేరు రాళ్ల నుంచి మొదలుపెడితే గొలుసులు రెండూ సరైనవే అయినా అంకెలు కలవవు. పటాలకు ఆ మొదటి రాయి లాంటిదే డేటమ్. భూమి గుండ్రని బంతి కాదు, ధ్రువాల వద్ద కొంత నొక్కుకుపోయి ఉంటుంది. ఎవరెస్ట్ లెక్కలో భూమధ్యరేఖ వద్ద వ్యాసార్ధం 6,377,276 మీటర్లు. ఆ ఆకారాన్ని కల్యాణ్‌పూర్ వద్ద నేలకు సరిపడేలా అమర్చారు. మన దేశపు నేలకు అది చక్కగా అతికింది. అయితే దాని కేంద్రం భూమి అసలు కేంద్రానికి వందల మీటర్ల దూరంలో పడింది. నేల మీద గొలుసుతో, కోణాలతో కొలిచేవారికి దానితో ఇబ్బంది లేదు.

ఉపగ్రహం అలా కాదు. అది భూమి ద్రవ్యరాశి కేంద్రం చుట్టూ తిరుగుతుంది. కాబట్టి దాని లెక్క ఆ కేంద్రం నుంచే మొదలుకావాలి. అందుకోసం ఏర్పడినదే డబ్ల్యూజీఎస్ 84. అందులో వ్యాసార్ధం 6,378,137 మీటర్లు, అంటే ఎవరెస్ట్ లెక్క కన్నా 861 మీటర్లు ఎక్కువ. సెల్‌ఫోన్లు చూపే అంకెలు దీని ప్రకారం వచ్చేవే.

రెండెకరాల చతురస్రపు కమతం ఒక పక్క సుమారు 90 మీటర్లు ఉంటుంది. పాత పటంలోని అంకెలను అలాగే ఫోన్‌లో వేస్తే కమతం మొత్తం పొరుగు రైతు పొలంలో తేలుతుంది. 2025లో అమలులోకి వచ్చిన భూభారతి చట్టంతో భూముల పటాల ప్రస్తావన ఊరూరా వినిపిస్తున్నందున ఈ సంగతి రైతులకు తెలియడం అవసరం. నిజాం కాలపు టీపన్లలో అక్షాంశాలు ఉండవు. అవి రాయి నుంచి రాయికి గొలుసుతో తీసిన కొలతలు. నేల మీద పాత హద్దురాయి దొరికితేనే వాటిని ఉపగ్రహపు అంకెలకు ముడివేయడం సులువు. ట్రాక్టరు దున్నకంలో రాళ్లు పెకలించి గట్టున పడేస్తున్నవారు ఇది గమనించాలి.

ఎవరెస్ట్ 1843లో పదవీ విరమణ చేశారు. ఆయన వారసుడు ఆండ్రూ వా 1856లో పదిహేనవ శిఖరం ఎత్తు 29,002 అడుగులని ప్రకటించి, దానికి గురువు పేరు ప్రతిపాదించారు. ఆ గణనలో సిక్దర్ పాత్ర ప్రధానమైనదని చెబుతారు. స్థానికులు పలకలేని పేరెందుకని ఎవరెస్ట్ స్వయంగా అభ్యంతరం తెలిపారు. 1865లో ఆ పేరే ఖాయమైంది. ఆయన ఇంటి పేరు అసలు ఉచ్చారణ ఈవ్‌రెస్ట్. లోకమంతా నేటికీ దాన్ని తప్పుగానే పలుకుతున్నది. 1861లో సర్ బిరుదు పొందిన ఆయన 1866 డిసెంబరు 1న కన్నుమూశారు. ఇంగ్లండులోని హోవ్ పట్టణంలో సమాధి ఉంది.

ఆయన లెక్కగట్టిన భూగోళం మాత్రం మరో శతాబ్దానికి పైగా భారత సర్వే పటాలలో కొనసాగింది. 2005 నాటి జాతీయ పటాల విధానంతో ప్రజలకు విడుదల చేసే పటాలు డబ్ల్యూజీఎస్ 84కు మారాయి. పాత వరుసలో 17వ అక్షాంశం 56 జీ, 56 హెచ్ పటాలకు సరిహద్దు. కోస్గి ఆ గీతకు ఆనుకుని ఉండటంతో పరిసర గ్రామాలు రెండు పటాలలోకి పంచుకుపోయాయి. చేతి జీపీఎస్ పరికరంతో ఆ పాత పటాలను వాడేవారు ముందుగా అందులో డేటమ్‌ను ఇండియన్‌కు మార్చుకోవాలి. పని ముగిశాక తిరిగి డబ్ల్యూజీఎస్ 84కు తేవాలి.