చార్లెస్ స్టడ్ – ఒక క్రికెట్ వీరుని పరివర్తనము

కీర్తిని గడించినవారు లోకమున పెక్కుమంది కలరు. గడించిన కీర్తిని ఉచ్చదశలోనే చేజేతుల విడిచిపెట్టినవారు మిక్కిలి అరుదు. అట్టివారిలో ఇంగ్లండు దేశపు క్రికెట్ వీరుడు చార్లెస్ థామస్ స్టడ్ ఒకడు.

స్టడ్ 1860వ సంవత్సరము డిసెంబరు 2వ తేదీన నార్తాంప్టన్‌షైర్‌లోని స్ప్రాటన్ గ్రామమున జన్మించెను. తండ్రి ఎడ్వర్డ్ స్టడ్ మన దేశమునందలి తిర్హుత్ ప్రాంతమున నీలిమందు తోటల వలన అపార ధనము నార్జించి, స్వదేశమునకు మరలి, గుఱ్ఱపు పందెములతో కాలము గడపుచుండెను. అమెరికా నుండి వచ్చిన మూడీ అను క్రైస్తవ బోధకుని ఉపన్యాసములను విని, ఆ పందెములను మాని భక్తిమార్గము నవలంబించెను. తండ్రియందు కలిగిన మార్పు కుమారులను కదల్చెను. 1878లో చార్లెస్‌యు, అతని సోదరులిద్దరును ఒకే దినమున క్రీస్తునందు విశ్వాసముంచిరి.

కాని చార్లెస్ మనస్సును క్రికెట్ పూర్తిగా ఆక్రమించెను. ఈటన్ పాఠశాలలోను, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునందును అతడు అగ్రశ్రేణి ఆటగాడయ్యెను. 1882, 1883 సంవత్సరములు రెండింటను వెయ్యికి పైగా పరుగులు చేసి, నూరు వికెట్లకు పైగా పడగొట్టెను. అతడు ఘోరకృత్యమేదియు చేయలేదు. తాను నమ్మినదానిని మరచెను, అంతే. అయినను ఆ ఆరేండ్ల మరపునే అతడు తన జీవితమునందలి పెద్ద దోషముగా తరువాత నెంచెను.

1882 ఆగస్టులో లండనునందలి ఓవల్ మైదానమున ఆస్ట్రేలియాతో జరిగిన ఆట చరిత్రప్రసిద్ధము. గెలుపునకు ఇంగ్లండు 85 పరుగులు చేయవలసియుండెను. నాయకుడు స్టడ్‌ను పదవవానిగా పంపెను. అతడు ఒక్క బంతియైన ఎదుర్కొనకముందే ఆవలి కొసనున్న ఆటగాని వికెట్ పడిపోయెను. ఇంగ్లండు ఏడు పరుగుల తేడాతో ఓడెను. ఇంగ్లీషు క్రికెట్ మరణించెననియు, దాని బూడిద ఆస్ట్రేలియాకు పోవుననియు ఒక పత్రిక పరిహాసముగా ప్రకటించెను. ఆ శీతకాలమున ఆ బూడిదను తిరిగి తెచ్చుటకు ఐవో బ్లై నాయకత్వమున వెడలిన జట్టులో స్టడ్ కూడ ఉండెను. నాడు బ్లైకి బహూకరింపబడిన చిన్న పాత్రపై నున్న పద్యమున స్టడ్ సోదరుల పేరు నేటికిని కానవచ్చును.

ఇట్టి కీర్తి నడుమ 1883 చివర అన్న జార్జి ప్రాణాపాయమైన జబ్బు బారిన పడెను. రాత్రింబవళ్లు మంచము చెంత కూర్చుండిన చార్లెస్‌కు, మృత్యుముఖమున నున్నవానికి క్రికెట్ గాని, ధనము గాని, పొగడ్త గాని అక్కరకు రావని తెలియవచ్చెను. జార్జి కోలుకొనెను, చార్లెస్ మాత్రము మునుపటివాడు కాలేదు. మరల మూడీ బోధలను విని, తోటి ఆటగాండ్రను కూడ అచ్చటికి తోడ్కొనిపోయెను. 1885 ఫిబ్రవరిలో మరి ఆరుగురు యువకులతో కలిసి మతసేవకై చైనాకు బయలుదేరెను. అప్పటి కతని వయస్సు ఇరువదినాలుగేండ్లు.

చైనాలో అతడు ఆ దేశపు దుస్తులు ధరించి, ఆ భాష నేర్చి, నల్లమందునకు బానిసలైనవారికి ఆశ్రయము నడపెను. ఇరువదియైదవ యేట తండ్రి ఆస్తిలో తనకు వాటాగా సుమారు 29 వేల పౌనులు సంక్రమించెను. దానిని పంచిపెట్టుటకు అధికారపత్రము వ్రాయబోగా, బ్రిటిషు కాన్సలు వెంటనే సంతకము చేయక, ఆలోచించుకొనుటకు రెండు వారముల గడువిచ్చెను. గడువు తీరినను స్టడ్ నిశ్చయము మారలేదు. అనాథశరణాలయములకు, ధర్మకార్యములకు సొమ్ము పంపివేసెను. 1888లో వివాహమాడిన ప్రిసిల్లా స్టూవర్ట్ కూడ, తనకై మిగిల్చిన భాగమును తన యొద్ద నుంచుకొనక దానము చేసెను.

ఆరోగ్యము చెడి 1894లో స్వదేశమునకు మరలిన స్టడ్, 1900 నుండి 1906 వరకు మన దేశమున నివసించెను. నాటి మద్రాసు రాజధానిలోని ఉదకమండలమున యూనియన్ చర్చికి బోధకుడుగా నుండి, సిపాయిలతో చెలిమికై క్రికెట్ కూడ ఆడెను. ఒకనాడు విశ్వాసమును మరపించిన ఆటయే ఇప్పు డా విశ్వాసమునకు పరిచారికయయ్యెను.

ఏబది యేండ్లు దాటిన పిదప, ఉబ్బసముతో బాధపడుచునే, వైద్యులు వారించినను ఆఫ్రికాకు వెళ్లెను. 1913 నుండి బెల్జియన్ కాంగోలో పనిచేసెను. 1916లో మరల అచ్చటికి పోయిన తరువాత ఇంగ్లండునకు తిరిగి రాలేదు. భార్య రోగపీడిత యయ్యును ఇంగ్లండులోనుండి సంఘకార్యములను నడపెను. 1928లో ఒక్కమారు మాత్రము కాంగోకు పోయి భర్తను చూచి, మరుసటి యేడు మరణించెను. స్టడ్ తనవలెనే సహచరులును సర్వము త్యజింపవలెనని కోరెను. ఆ కాఠిన్యము పలువురిని నొప్పించెను. తుదిదినములలో స్వదేశమునందలి కార్యవర్గముతో తీవ్రమైన విభేదములు కలిగెను. త్యాగియైనవాడును ఇతరుల త్యాగమునకు కొలత నిర్ణయింపబోయినపుడు చిక్కులు తప్పవు.

1931 జూలై 16వ తేదీన కాంగోలోని ఇబాంబిలో స్టడ్ కన్నుమూసెను. అతని మతము నంగీకరింపనివారును, అతని కాఠిన్యమును మెచ్చనివారును ఒక్కటి ఒప్పుకొనక తప్పదు. ఓటమి వలన విసిగి గాక, జయజయధ్వానములు చెవులలో మ్రోగుచుండగనే అతడు మైదానమును వీడెను. తాను మరచినదానిని జ్ఞాపకము తెచ్చుకొని, ఆ జ్ఞాపకమునకు జీవితకాలమంతయు మూల్యము చెల్లించెను. క్రీడాభిమానులకు అతడు నేటికిని ఆదరపాత్రుడగుటకు కారణము ఇదియే.