రామాయపట్నం నుంచి కాకినాడకు.. రెండు మిషన్ల వారధి టింపనీ

నెల్లూరు: కోస్తా ఆంధ్రలో బాప్టిస్టు సంఘాలకు ప్రధానంగా రెండు వారసత్వాలున్నాయి. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల సంఘాలు అమెరికన్ మిషన్ నాటిన మొక్కలు. కాకినాడ మొదలు శ్రీకాకుళం వరకు ఉన్నవి కెనడియన్ మిషన్ పెంచినవి. విశ్వాసంలో పెద్దగా తేడా లేని ఈ రెండు మిషన్లు ఒకప్పుడు ఒకే గొడుగు కింద పనిచేశాయి. అవి వేరుపడిన మలుపు నెల్లూరు తీరంలోని రామాయపట్నం. ఆ మలుపులో కీలకంగా నిలిచిన వ్యక్తి అమెరికస్ వెస్పూసియస్ టింపనీ.

ఒంటరి నక్షత్రం

టింపనీ 1840లో కెనడాలోని ఒంటారియో ప్రాంతంలో జన్మించారు. అదే ఏడాది శామ్యూల్ డే నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్‌ను నెలకొల్పారు. ఆ తరువాత ఐదేళ్లకే, 1845లో, బానిసత్వం విషయమై అమెరికా బాప్టిస్టులు ఉత్తర, దక్షిణ వర్గాలుగా చీలిపోయారు. నెల్లూరు మిషన్ ఉత్తరాది వారి పోషణలో మిగిలింది. ఫలితాలు లేవన్న కారణంతో దీనిని మూసివేయాలని పలుమార్లు ప్రతిపాదనలు వచ్చాయి. ఒంటరి నక్షత్రమన్న పేరు దానికి అప్పుడే స్థిరపడింది. లైమన్ జ్యువెట్ పట్టుదల వల్లనే అది నిలిచింది.

అప్పటికి కెనడా బాప్టిస్టులకు సొంత విదేశీ మిషన్ లేదు. 1866లో వారు అమెరికన్ యూనియన్‌కు అనుబంధంగా ఒక సంఘాన్ని ఏర్పరచుకున్నారు. ఆ సంఘం పంపిన మొదటి మిషనరీయే టింపనీ. 1868లో ఆయన నెల్లూరు చేరి, జ్యువెట్ వద్ద పనిలో కుదురుకున్నారు. 1870లో రామాయపట్నంలో కొత్త కేంద్రం ప్రారంభించారు. స్థానిక బోధకుల శిక్షణకై 1872లో అక్కడే వేదాంత పాఠశాల వెలసింది. తోడల్లుడు జాన్ మెక్లారిన్ కూడా కెనడా నుంచి వచ్చి ఆయనకు తోడయ్యారు.

గేబ్రియేల్ పిలుపు

ఆ రోజుల్లో కాకినాడ ప్రాంతంలో థామస్ గేబ్రియేల్ అనే తెలుగు క్రైస్తవుడు స్వతంత్రంగా ఒక బాప్టిస్టు మిషన్ నడుపుతున్నారు. టెలిగ్రాఫ్ శాఖలో ఉద్యోగం వదులుకుని ఆయన ఈ పనికి దిగారు. సంఘం పెరిగింది, అప్పులూ పెరిగాయి. తన సంఘాన్ని స్వీకరించాలని ఆయన రామాయపట్నంలోని కెనడియన్లను అర్థించారు. స్వీకరిస్తే అమెరికన్ యూనియన్ నుంచి విడిపోవాలి. కాదంటే గేబ్రియేల్ శ్రమ వృథా అవుతుంది. 1873లో కెనడా బాప్టిస్టులు స్వతంత్ర మిషన్‌కే మొగ్గు చూపారు. 1874 మార్చిలో మెక్లారిన్ కాకినాడ చేరారు. మరుసటి ఏడాది గేబ్రియేల్ కన్నుమూశారు. అలా ఒక విభజన, ఒక విలీనం ఒకేసారి జరిగాయి. ఒక తెలుగువాడు నిర్మించిన సంఘమే కెనడియన్ మిషన్‌కు పునాది అయింది.

టింపనీ వెంటనే కదలలేదు. మరికొంత కాలం రామాయపట్నంలోనే కొనసాగారు. 1876లో సెలవుపై స్వదేశం వెళ్లి, తెలుగు దేశపు అవసరాలను ఊరూరా వివరించారు. కెనడాలో బాప్టిస్టు మహిళా మిషనరీ సంఘాలు ఏర్పడటానికి ఆ ప్రచారం తోడ్పడింది. 1878లో తిరిగి వచ్చినపుడు ఆయన చేరింది నెల్లూరు తీరానికి కాదు, కాకినాడకు. మెక్లారిన్ స్వదేశం వెళ్లడంతో భారమంతా ఆయన మీదే పడింది. 1885 ఫిబ్రవరిలో కలరా సోకి, 44 ఏళ్ల వయసులో కాకినాడలోనే మరణించారు. ఆ ఊరిలో ఆయన పేరిట స్మారక పాఠశాల నడిచింది.

కలిసినవి, కలవనివి

కెనడాలోని నోవాస్కోషియా, న్యూబ్రన్స్‌విక్ ప్రాంతాల బాప్టిస్టులు తొలుత సయాంలో ప్రయత్నించి, 1875లో తెలుగు నేలకు తరలివచ్చారు. భీమునిపట్నం, బొబ్బిలి వైపు విస్తరించారు. 1912 నాటికి కెనడా వారి రెండు బోర్డులూ ఒక్కటయ్యాయి. అమెరికన్, కెనడియన్ మిషన్ల సంఘాలు మాత్రం ఒకే సంస్థగా కలవలేదు. నెల్లూరు కేంద్రంగా తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం, కాకినాడ కేంద్రంగా ఉత్తర సర్కారుల బాప్టిస్టు సంఘాల కన్వెన్షన్ వేర్వేరుగా రూపుదిద్దుకున్నాయి.

మతశాఖల చరిత్రలో చీలికలంటే తగాదాలే గుర్తుకొస్తాయి. రామాయపట్నంలో జరిగింది అది కాదు. సిద్ధాంత వైరం లేదు, పదవుల పోరు లేదు. ఆపదలో ఉన్న ఒక సంఘాన్ని ఆదుకోవడానికే ఒక మిషన్ రెండయింది. జిల్లా సరిహద్దులు పలుమార్లు మారినా, ఆ చరిత్రలో నెల్లూరు తీరానికి దక్కిన చోటు చెక్కుచెదరలేదు.