కలియుగ భీముడు కోడి రామ్మూర్తి నాయుడు

మేము ఎనిమిదో తరగతిలో ఉండగా హాస్టల్ నుంచి తిరుపతి జూపార్కుకు విహారయాత్రకు తీసుకుపోయారు. పులిహోర పొట్లాలు చేతబట్టుకుని తిరుగుతుంటే లోపల ఎక్కడినుంచో సింహం గర్జన వినిపించింది. చూపించమని అడిగితే, అవి సర్కస్ సింహాలనీ, జనానికి చూపించరనీ చెప్పారు. సింహాలు, పులులు, ఎలుగుబంట్లు, కోతుల చేత ఆటలాడించరాదని 1998లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అలా సర్కస్‌లు వదిలిన జంతువులకు ఆశ్రయమిచ్చిన ఊళ్లలో మన తిరుపతి ఒకటి. ఆ రోజు తిరుగు బస్సులో మాష్టారు చెప్పిన సర్కస్ కబుర్లలో మాకు బాగా గుర్తుండిపోయినది కోడి రామ్మూర్తి నాయుడు గారి కథ.

ఆయన 1882లో ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో జన్మించారు. చిన్నతనంలోనే తల్లి పోయింది. తల్లిలేని పిల్లవాడు, పైగా అల్లరి. తండ్రి వెంకన్న నాయుడు గారు విజయనగరంలో పోలీసు శాఖలో ఉన్న తమ్ముడు నారాయణస్వామి గారి ఇంటికి పంపించారు. కన్నవాళ్లకు దూరంగా ఉండి చదువుకోవడమంటే ఏమిటో మన హాస్టల్ వాళ్లకు వేరే చెప్పక్కరలేదు. చదువు కంటే వ్యాయామశాల ఆయనకు ఎక్కువ అబ్బింది. దండీలు, బస్కీలు, కుస్తీ. తరువాత మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలోనే డ్రిల్లు మాష్టారుగా చేరారు. ఆ ఉద్యోగంలోనే ఉండిపోతే మనకు ఆయన పేరు తెలిసేది కాదు. పొట్టి పంతులు అనే ఆయన ప్రోత్సాహంతో సర్కస్ కంపెనీ పెట్టి దేశమంతా తిరిగారు.

ఊపిరి బిగబట్టి రొమ్ముకు చుట్టిన ఇనుప గొలుసును తెంచేవారు. వైస్రాయి మింటో కారును తాళ్లతో పట్టి కదలనీయలేదని చెప్పుకుంటారు. లండన్‌లో ఐదవ జార్జి చక్రవర్తి ఎదుట ప్రదర్శన ఇచ్చారు. ఇండియన్ హెర్క్యులస్ అనే బిరుదు వచ్చింది. ఇంతటివాడూ శాకాహారే. హాస్టల్ సాంబారుతో ఒంట్లోకి బలం రాదనే తమ్ముళ్లు ఇది గమనించాలి!

అన్నింటికన్నా పేరు తెచ్చింది ఏనుగు ఆట. ఆయన వెల్లకిలా పడుకునేవారు. రొమ్ము మీద పెద్ద చెక్క వేసేవారు. ఏనుగు ఆ చెక్క మీదికి ఎక్కేది. చిన్నప్పుడు మేము ఆయన రొమ్ము గురించే ఆశ్చర్యపోయాం. ఏనుగు సంగతి పెద్దయ్యాకనే తట్టింది. కాలి కింద నేల గట్టిదో కాదో చూసుకోకుండా ఏనుగు బరువు మోపదు. కదిలే చెక్కను చూస్తే వెనక్కు తగ్గుతుంది. అలాంటి జంతువుకు ముందు నేలమీద చెక్క వేసి నడిపించాలి, తరువాత కొంచెం కొంచెంగా ఎత్తు పెంచాలి. చెప్పినట్టు చేస్తే బెల్లమో చెరకు ముక్కో. చేయకపోతే అంకుశం. మావటి ఆగమంటే ఆగాలి, నడవమంటే నడవాలి. బెదిరి ఒక్క కాలు పక్కకు వేసినా రామ్మూర్తి గారి ప్రాణం దక్కదు. అంటే ప్రతి ఆటలోనూ ఆయన తన ప్రాణాన్ని ఒక మావటి మాటకూ, ఒక మూగజీవి విధేయతకూ అప్పగించి పడుకున్నారన్నమాట. చప్పట్లు మాత్రం ఆయనకే. ఆయన కష్టపడి నేర్చుకున్నది తన ఇష్టంతో నేర్చుకున్నారు. ఏనుగు ఇష్టాన్ని అడిగినవాళ్లు లేరు.

అలాగని జంతువులకు ఏమీ నేర్పకూడదని అనడానికి మాకు నోరు రాదు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు నడిచే ఏనుగు అంత జనానికీ, డోళ్ల మోతకూ బెదరకపోవడం శిక్షణ వల్లనే. సంక్రాంతికి మన ఇళ్ల ముందు తల ఊపే గంగిరెద్దుదీ అంతే. మాలో కొందరి ఊళ్లు కుప్పం, పలమనేరు వైపు ఉన్నాయి. చేలో అడవి ఏనుగులు పడిన మరునాడు ఇంట్లో పొయ్యి వెలగకపోవడం మాకు తెలుసు. ఆ ఏనుగులను అడవికి మళ్లించడానికి 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం నాలుగు కుంకీ ఏనుగులను మన రాష్ట్రానికి ఇచ్చింది. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం ఏర్పాటైంది. పట్టిన ఏనుగుకు నేర్పి, పట్టని ఏనుగు మీదికి పంపడం! సర్కస్ ఆటకూ దీనికీ తేడా ఉందని మా అభిప్రాయం. ఆ కుంకీలకు తేడా తెలుస్తుందో లేదో మరి.

రామ్మూర్తి గారి చివరి రోజులు కష్టంగా గడిచాయి. సంపాదించినదంతా దానధర్మాలకు పోయింది. కాలికి వచ్చిన జబ్బు ముదిరి, కాలు తీసేయవలసి వచ్చింది. మత్తుమందు వద్దని, మెలకువగా ఉండే కోయించుకున్నారని చెబుతారు. అంత బరువు మోసిన మనిషి కాలు లేకుండా ఒరిస్సాలో కాలం గడిపి, 1942లో అక్కడే కన్నుమూశారు. విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. ఉద్యోగాల ఇంటర్వ్యూలకు అటు వెళ్లినప్పుడు మాలో ఇద్దరం దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాం.