పద్దుల దారి చూపిన సన్యాసి లూకా పాచోలి

ఏడాది ఆఖరు వచ్చిందంటే సైట్లలో మా సూపర్‌వైజర్లకు ఒక అదనపు పని పడుతుంది. స్టోరులో సిమెంటు బస్తాలు ఎన్ని మిగిలాయి, ఇనుము ఎన్ని టన్నులుంది, స్కఫోల్డింగ్ పైపులెన్ని... అన్నీ లెక్కబెట్టి, సంతకం చేసి ఆఫీసుకు పంపాలి. ఆ కాగితాలే అకౌంట్స్ వాళ్ల దగ్గరికి చేరి, ఆడిటర్ చేతులు దాటి, చివరికి కంపెనీ వార్షిక ఆర్థిక నివేదికలో ఒక అంకెగా బయటికొస్తాయి. ఈ పద్దుల పద్ధతిని మొదటిసారి అచ్చు పుస్తకంలో వివరంగా చెప్పినాయన వ్యాపారి కాదు. ఒక క్రైస్తవ సన్యాసి. పేరు లూకా పాచోలి.

ఇటలీలోని సాన్‌సెపోల్క్రో అనే చిన్న పట్నంలో సుమారు 1447లో ఆయన పుట్టారు. ఇరవై ఏళ్లు నిండకముందే వెనిస్ వెళ్లారు. అప్పటికి ఇటలీ ఒకే దేశం కాదు, వెనిస్ వేరే రాజ్యం. అంటే ఆయన కూడా ఒక రకంగా మనలాగే పరాయి గడ్డ మీద బతుకుదెరువు వెతుక్కున్నవారే. రోంపియాసి అనే వర్తకుడి ఇంట్లో ముగ్గురు కొడుకులకు చదువు చెప్పే పని దొరికింది. వర్తకం లోగుట్టు అక్కడే నేర్చుకున్నారు. 1470లో ఆ పిల్లల కోసమే ఒక లెక్కల పుస్తకం రాశారు. తర్వాత ఫ్రాన్సిస్కన్ సన్యాసుల్లో చేరి, ఊరూరా తిరుగుతూ లెక్కలు చెప్పారు.

1494లో వెనిస్‌లో ఆయన పెద్ద పుస్తకం 'సుమ్మా' అచ్చయింది. సుమారు 600 పేజీలు. పండితుల లాటిన్‌లో కాకుండా బజారు జనానికి అర్థమయ్యే ఇటలీ భాషలో రాశారు. అందులో పద్దుల గురించి ఉన్నది 27 పేజీలే. ఆయన పేరు నిలబెట్టింది మాత్రం ఆ కాసిని పేజీలే. ఈ పద్ధతిని ఆయన కనిపెట్టలేదు. వెనిస్ వర్తకులు అంతకుముందు నుంచే వాడుతున్నారు. కోత్రుల్యి అనే ఆయన 1458లోనే దీని గురించి రాసినా, ఆ రాత 1573 దాకా అచ్చు కాలేదు. పాచోలి కూడా తాను వెనిస్ పద్ధతినే చెబుతున్నానని ఒప్పుకున్నారు. ఎవరికి వారు దాచుకునే విద్యను నలుగురి చేతుల్లో పెట్టడం తక్కువ పనేమీ కాదని మా అభిప్రాయం.

ఆయన చెప్పిన పని ఇలా సాగుతుంది. ముందు ఉన్న ఆస్తులు, అప్పులు, రావలసిన బాకీలు అన్నీ జాబితా రాయాలి. ఆ తర్వాత మూడు పుస్తకాలు. మొదటిది చిత్తు పుస్తకం, జరిగింది జరిగినట్టు రాసేది, మన సైటు డైరీ లాంటిది. రెండోది జర్నల్. మూడోది లెడ్జర్. ప్రతి వ్యవహారాన్నీ రెండు చోట్ల రాయాలి. వంద బస్తాల సిమెంటు అప్పుకు తెచ్చామనుకోండి, ఒకవైపు సరుకు పెరిగింది, రెండోవైపు షాపు వాడికి బాకీ పెరిగింది. ఏడాది చివర లాభనష్టాలు తేల్చి, ఆ మొత్తాన్ని యజమాని పెట్టుబడిలో కలపాలి. రెండు వైపులా కూడి చూడాలి. సరిపోకపోతే తప్పెక్కడుందో దొరికేదాకా వెతకాల్సిందే.

భాగస్వాములున్న వ్యాపారంలో ఏటా లెక్కలు తేల్చుకుంటేనే స్నేహం నిలుస్తుందని ఆయన గట్టిగా చెప్పారు. ఈనాటి వార్షిక నివేదికకు మూలం అక్కడే ఉంది. తర్వాత కంపెనీలు పెద్దవయ్యాయి, వాటాదారులు వేలమంది అయ్యారు. బ్రిటన్‌లో 1844 చట్టం వచ్చాక బ్యాలెన్స్ షీట్ వాటాదారుల ముందు పెట్టాల్సి వచ్చింది.

దొంగ లెక్కల సంగతి కూడా పాచోలికి తెలుసు. కొనేవాడికి ఒక పుస్తకం, అమ్మేవాడికి ఒక పుస్తకం చూపించే వర్తకులను ఆయన తప్పుబట్టారు. పుస్తకాలను వర్తక అధికారి దగ్గరికి తీసుకెళ్లి నమోదు చేయించి, ముద్ర వేయించుకోవాలన్నారు. అయితే రెండు వైపులా కూడిక సరిపోయినంత మాత్రాన లెక్క నిజమైపోదు. 2009 జనవరిలో హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ సంగతి మనందరికీ గుర్తే. బ్యాలెన్స్ షీట్‌లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవు. అబద్ధాన్ని రెండు వైపులా సమానంగా రాస్తే కూడిక సరిపోతుంది మరి! అందుకే ఆడిటర్ బ్యాంకును నేరుగా అడగాలి, స్టోరుకు వచ్చి బస్తాలు చూడాలి. స్టోరులో లేని సరుకును ఉన్నట్టు రాయమని ఎవరైనా అడిగితే అది చిన్న సాయం కాదని సూపర్‌వైజర్లు గుర్తుపెట్టుకోవాలి.

ఇదంతా సేట్ల గొడవ, మనకెందుకు అనుకునేవాళ్లు క్యాంపుల్లో చాలామందే ఉన్నారు. ఉదాహరణకు యూఏఈలో ఏడాది సర్వీసు నిండినవారికి మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం, ఆపైన ఏడాదికి 30 రోజులది గ్రాట్యుటీగా రావాలి. అది మనకు కంపెనీ పడ్డ బాకీ. నివేదికలో అప్పుల వైపు ఉద్యోగుల సర్వీసు ముగింపు ప్రయోజనాలు అన్న వరుసలో కనిపిస్తుంది. షేర్ మార్కెట్‌లో ఉన్న కంపెనీల నివేదికలు ఎవరైనా చూడొచ్చు. క్లయింట్ల నుంచి రావలసిన బాకీలు ఏటేటా పెరిగిపోతూ, చేతిలో నగదు తగ్గిపోతుంటే, జీతాలు ఆలస్యమయ్యే ప్రమాదం ఉందని అనుమానించాలి. అకౌంట్స్‌లో పనిచేసే మనోళ్లను కూర్చోబెట్టి ఒక్కసారి చదివించుకుంటే పోయేదేమీ లేదు.

మళ్లీ పాచోలి దగ్గరికి వద్దాం. 'సుమ్మా' పుస్తకాన్ని కొన్నవారిలో చిత్రకారుడు లియొనార్డో డావిన్సీ ఒకరు. పాచోలి మిలాన్ రాజదరబారులో లెక్కలు చెప్పడానికి వెళ్లినప్పుడు ఇద్దరికీ స్నేహం కుదిరింది. 1499లో ఫ్రెంచి సైన్యం వచ్చిపడితే ఇద్దరూ మిలాన్ వదిలి వెళ్లాల్సి వచ్చింది. 1509లో అచ్చయిన పాచోలి మరో పుస్తకానికి బొమ్మలు వేసింది లియొనార్డోనే. తన ఊరివాడే అయిన చిత్రకారుడు పియెరో రాతలను కాజేశారని పాచోలి మీద చనిపోయాక నింద పడింది. అందులో కొంత నిజం లేకపోలేదు.

1517లో ఆయన కన్నుమూశారు. ఆ తర్వాత సొంత ఊరు కూడా ఆయన్ను మరిచిపోయింది. 1878లో సాన్‌సెపోల్క్రోలో ఆయన పేరున ఒక శిలాఫలకం పెట్టించారు. ఇన్ని వందల ఏళ్లు మరిచిపోయినందుకు సిగ్గుపడుతున్నట్టు దాని మీద రాయించారు. దాన్ని పెట్టించింది రాజులు కాదు, బ్యాంకులు కాదు. ఆ ఊరి కార్మికుల సంఘం.