అడవిబిడ్డల ఉమ్మడి హక్కుకు అండగా నిలిచిన జుగత్‌రామ్ దవే

సూరత్: వజ్రాల సానకూ, జరీ పనికీ పేరుపొందిన సూరత్ నగరంలో మరమగ్గాలను నమ్ముకొని వేలాది తెలుగు కుటుంబాలు జీవిస్తున్నాయి. ఆ నగరం నుంచి తూర్పుగా బార్డోలీ దాటి సాగితే వాలోడ్ తాలూకా, అందులో వేడ్ఛీ అనే చిన్న గ్రామం వస్తాయి. ఒకప్పుడు సూరత్ జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2007లో తాపీ జిల్లాలో చేరింది. సుమారు ఆరు దశాబ్దాలు ఇక్కడి ఆదివాసుల మధ్య జీవించి, భూమి, అడవి, చదువు ఊరందరివీ కావాలని పాటుపడిన గాంధేయవాది జుగత్‌రామ్ దవే.

ఆయన 1892లో సౌరాష్ట్రలోని లఖ్తర్‌లో జన్మించారు. యౌవనంలో ముంబయిలో పత్రికారంగంలో పనిచేశారు. స్వామి ఆనంద్, కాకా కాలేల్కర్‌ల సాన్నిహిత్యం ఆయనను గాంధీజీ ఆశ్రమానికి చేర్చింది. కొంతకాలం నవజీవన్ పత్రికకు సేవలందించి, 1920వ దశకంలో బార్డోలీ ప్రాంతానికి తరలివచ్చారు. ఆ తరువాత వేడ్ఛీయే ఆయన స్వగ్రామమైంది.

చేజారిన ఉమ్మడి ఆస్తి

చౌధరి, గామిత్, ధోడియా తెగలవారికి అడవి ఒకరి సొత్తు కాదు. వంటచెరకు, వెదురు, ఇప్పపువ్వు, పశువుల మేత ఊరి కట్టుబాట్లకు లోబడి అందరూ అనుభవించేవి. 1878లో వచ్చిన రెండు చట్టాలు ఈ పద్ధతిని తలకిందులు చేశాయి. అటవీ చట్టం అడవిని ప్రభుత్వపరం చేసింది. బొంబాయి అబ్కారీ చట్టం ఇంటి పెరటి సారాను నేరంగా మార్చి, వ్యాపారిని గుత్తాధిపతిని చేసింది. తాగుడు అప్పులకు, అప్పులు భూమి తాకట్టుకు దారితీశాయి. సొంత పొలంలోనే ఆదివాసి కౌలుదారుగా మిగిలాడు.

ఈ దుస్థితిపై తొలి తిరుగుబాటు బయటివారి బోధతో రాలేదు. 1922-23లో దేవి పేరిట ఊరూరా సమావేశమైన ఆదివాసులు మద్యం మానుతామని ప్రమాణం చేసి, సారా వ్యాపారులను సామూహికంగా వెలివేశారు. ఊరంతా ఒక్కమాటపై నిలిచే ఆ సంప్రదాయమే దవే కృషికి పునాది అయింది. అప్పట్లో ఈ ప్రజలను నల్లవారనే అర్థంలో కాళీపరజ్ అని పిలిచేవారు. గాంధీజీ సూచనతో వనవాసులనే అర్థమిచ్చే రాణీపరజ్ అనే పేరు వాడుకలోకి వచ్చింది.

1928లో భూమిశిస్తు పెంపునకు వ్యతిరేకంగా వల్లభ్‌భాయ్ పటేల్ నాయకత్వంలో బార్డోలీ సత్యాగ్రహం జరిగినప్పుడు దవే అందులో పాలుపంచుకున్నారు. స్వాతంత్ర్యోద్యమంలో పలుమార్లు జైలుశిక్ష అనుభవించారు. విడుదలైన ప్రతిసారీ తిరిగి చేరింది మాత్రం వేడ్ఛీ ఆశ్రమానికే.

గుత్తేదారు స్థానంలో సంఘం

స్వాతంత్ర్యానంతరం బొంబాయి రాష్ట్రంలో అటవీ కార్మికుల సహకార సంఘాలు ఏర్పడ్డాయి. అంతవరకు కూపుల వేలం పాట గుత్తేదారులదే. చెట్టు నరికిన ఆదివాసికి దక్కింది అరకొర కూలి. సంఘాలు వచ్చాక కూపును సభ్యులే తీసుకొని, కూలితోపాటు లాభంలోనూ వాటా పొందే వీలు కలిగింది. సూరత్ జిల్లాలో రాణీపరజ్ సేవాసభ వంటి సంస్థలు వాటికి అండగా నిలిచాయి. లెక్క రాయగల ఆదివాసి యువకుడు లేకుంటే సంఘం మళ్లీ ఇతరుల చేతికే పోతుంది. అందుకే ఆశ్రమ పాఠశాలలకు దవే పెద్దపీట వేశారు. అక్కడ చదువుతోపాటు నూలు వడకడం, సాగు, వంట, పారిశుద్ధ్యం పిల్లలు కలిసి చేసే పనులు. ఈ అనుభవాన్ని ఆయన ఆత్మరచన అథవా ఆశ్రమీ కేళవణి అనే గ్రంథంలో పొందుపరిచారు. 1967లో వేడ్ఛీలో గాంధీ విద్యాపీఠం వెలసింది.

తీరని లోటు

ఆయన కృషి అన్నిచోట్లా ఫలించలేదు. పెళ్లికి తీసుకున్న అప్పుకు జీవితాంతం భూస్వామి వద్ద వెట్టిచాకిరి చేసే దుబ్లాల కోసం 1946లో ఏర్పడిన హల్పతి సేవాసంఘ్ వెనుక దవే శ్రమ ఉంది. అయితే 1948 నాటి బొంబాయి కౌలు చట్టం, 1957లో కౌలుదారుకు యాజమాన్యం కల్పించిన సవరణ కూలీలను పట్టించుకోలేదు. కౌలు పత్రమే లేని హల్పతికి సెంటు భూమి దక్కలేదు. సహకార సంఘాలున్నా అడవిపై యాజమాన్యం ప్రభుత్వానిదే. 1972లో తాపీ నదిపై ఉకాయ్ ఆనకట్ట పూర్తికాగా వందకు పైగా గ్రామాలవారు నిర్వాసితులయ్యారు. వారిలో అత్యధికులు ఆదివాసులే.

తెలుగు నేలపైనా ఇదే పోరు సాగింది. జల్, జంగల్, జమీన్ కోసం కుమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమర్పించగా, గిరిజన భూముల అన్యాక్రాంతాన్ని అడ్డుకునే 1/70 నిబంధన మూడు దశాబ్దాల తరువాత వచ్చింది. భీం ఆయుధం పట్టారు, దవే రాట్నం పట్టారు. ఇద్దరి ముందూ నిలిచిన ప్రశ్న మాత్రం అడవి ఎవరిదన్నదే.

జుగత్‌రామ్ దవే 1985లో కన్నుమూశారు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం అడవిపై గ్రామసభ సామూహిక హక్కును గుర్తించింది. ఆ హక్కును నిలబెట్టుకోవలసింది ఊరివారే. అందుకు కావలసిన చదువును, లెక్కను, ఒక్కమాటపై నిలిచే అలవాటును పెంపొందించడానికే దవే వేడ్ఛీలో తన జీవితాన్ని వెచ్చించారు.