నరపతులకు తలయొగ్గని భక్తకవి: బమ్మెర పోతనామాత్యుడు

ధైర్యమనగానే లోకులకు ఖడ్గము, కవచము, రణరంగము జ్ఞప్తికి వచ్చును. కాని ఆయుధము పట్టకయే, పరుల నొప్పింపకయే, తాను నమ్మిన ధర్మమును విడువక నిలుచుట అంతకంటెను కష్టతరమైన ధైర్యము. ఇంట లేమి తాండవించుచుండగా సంపద తనంతట తాను పిలిచినను చలింపనివాడే ధీరుడు. అట్టి ధీరుడొకడు ఓరుగంటి సీమను పావనము చేసి, ఐదు శతాబ్దములు గడచినను తెలుగువారి గృహములలో నిత్యస్మరణీయుడై వెలుగొందుచున్నాడు. ఆ మహానుభావుడే శ్రీమదాంధ్ర మహాభాగవత కర్తయైన బమ్మెర పోతనామాత్యుడు.

నేటి జనగామ జిల్లాలో పాలకుర్తికి చేరువనున్న బమ్మెర గ్రామము ఆయన వంశమునకు పేరునిచ్చిన ఊరు. కడప సీమయందలి ఒంటిమిట్ట వారును పోతనను తమవానిగా భావించి పూజింతురు. మహాత్ములను తమవారనుకొనుటకు పలువురు తహతహలాడుట సహజమే కదా! పోతన కౌండిన్య గోత్రజుడు. తండ్రి కేసన మంత్రి, తల్లి లక్కమాంబ, అన్న తిప్పన. తల్లి సదాశివ పాదపూజాపరాయణ. అన్నయు ఈశ్వరసేవానిరతుడు. ఇట్టి శైవకుటుంబమున పుట్టి పెరిగిన పోతన, యౌవనమున వీరభద్ర విజయమును రచించుట ఆశ్చర్యము కాదు. భోగినీ దండకమును ఆయన రచనయే యని కొందరు, కాదని కొందరు పండితులు వాదింతురు. ఆయనదే యైనచో, రాజాస్థానపు రుచి యెట్టిదో ఎరిగియే ఆయన దానిని విడిచెనని గ్రహింపవలయును. ఎరుగనిదానిని వదలుట సులభము. ఎరిగి వదలుటలోనే వైరాగ్యము కలదు.

అది 15వ శతాబ్దము. 1323లో కాకతీయ సామ్రాజ్యము అస్తమించిన పిమ్మట ఓరుగల్లు పదేపదే చేతులు మారినది. పద్మనాయకులు, బహమనీ సుల్తానులు, గజపతులు ఈ నేలకై పోరాడుచుండిరి. అట్టి కాలమున కవికి ప్రభువు ప్రాపు లేకున్న బ్రతుకు దుర్భరము. కృతినిచ్చి అగ్రహారములు, వాహనములు, ధనకనకములు గైకొనుట ఆనాటి కవులకు వాడుక. అందు తప్పు కలదని తలచినవారే అరుదు.

ఇట్లుండగా పోతన జీవితమున ఒక శుభఘడియ సంప్రాప్తించెను. ఒక పున్నమి రాత్రి చంద్రగ్రహణ సమయమున ఆయన గంగాస్నానమునకై పోయి, తీరమందలి ఇసుకతిన్నెపై కూర్చుండి మహేశ్వరుని ధ్యానించుచుండెను. అంతట సీతాసమేతుడై కోదండము ధరించిన శ్రీరామచంద్రుడు సాక్షాత్కరించి, భాగవతమును తెనిగింపుమనియు, తద్ద్వారా భవబంధములు తెగుననియు ఆనతిచ్చి అంతర్హితుడయ్యెను. ఈ వృత్తాంతమును పోతనయే తన గ్రంథారంభమున నివేదించెను.

ఆ గంగ యేదియని విచారించువారు కలరు. ఉత్తర తెలంగాణపు పల్లెలలో నేటికిని జనులు గోదావరిని గంగయనియే పిలుతురు. కావున అది గౌతమీగంగయే కావచ్చునని తలచువారు కలరు. మహదేవపూర్ మండలమందలి కాళేశ్వరమున ప్రాణహిత గోదావరితో కలియుచున్నది. సరస్వతియు అచ్చట అంతర్వాహినిగా ప్రవహించునని భక్తుల విశ్వాసము. 2025 మే మాసమున అచ్చట సరస్వతీ పుష్కరములు జరిగినవి. ఆ క్షేత్రమున ఒకే పానవట్టముపై కాళేశ్వర ముక్తీశ్వరులు రెండు లింగములుగా వెలసియున్నారు. గోదావరిలో మునిగి శివదర్శనము చేసి రామనామము పలుకు యాత్రికునకు, శివధ్యానమగ్నుడైన పోతనకు రాముడు దర్శనమిచ్చుట వింతగా తోచదు. ధ్యానము నిర్మలమైనచో భగవంతుడు తనకు నచ్చిన రూపమున ఎదుట నిలుచును.

దర్శనానంతరము పోతన ఏకశిలానగరమునకు వచ్చి, గురువుల, పెద్దల, బంధువుల అనుమతి గైకొని రచనకు పూనుకొనెను. నన్నయ తిక్కనాదులు పురాణములను తెనిగించియు భాగవతమును ముట్టకుండుట తన పూర్వపుణ్యమని పొంగిపోయెను. అదే సమయమున, బ్రహ్మాదులకే దుర్గమమైన ఈ గ్రంథమును తానెరిగినంతవరకే చెప్పుదునని వినయముతో పలికెను. సాహసమును వినయమును ఒకేచోట నిలుపుట మహాత్ములకే చెల్లును.

ఇక పరీక్షాసమయము. రాచకొండ ప్రభువైన సర్వజ్ఞ సింగభూపాలుడు భాగవతమును తనకు అంకితమిమ్మని కోరెనని ఐతిహ్యము. ఆ ప్రభువు స్వయముగా పండితుడు, కవిపోషకుడు. అట్టివానిని కాదనుట ధనమును మాత్రమే కాక రక్షణను సైతము వదలుకొనుట. ఆ సందిగ్ధవేళ పోతనకు వాగ్దేవి కాటుక కన్నుల నీరు నింపుకొని కానవచ్చెననియు, ఆయన ఆ తల్లిని ఓదార్చి ఆమెను ఎవరికిని విక్రయింపనని మాట ఇచ్చెననియు పెద్దలు చెప్పుదురు. ఐతిహ్యమెట్లున్నను, ఆయన గ్రంథమే సాక్ష్యము. నీచులగు రాజులకు కృతులిచ్చి ఊళ్లను ధనమును పుచ్చుకొని, తుదకు యముని దెబ్బలు తినుటకు తాను సమ్మతింపనని స్పష్టముగా ప్రకటించి, లోకహితమును కోరి భాగవతమును శ్రీహరికి సమర్పించెను.

ఆ నిర్ణయమునకు మూల్యము కలదు. పోతన నాగలి పట్టి పొలము దున్ని కుటుంబమును పోషించుకొనెనని జనశ్రుతి. బమ్మెరలో నేటికిని పోతన పొలమని, పోతన బావియని చూపుదురు. రాజభోగముల నడుమ తిరిగిన శ్రీనాథ కవిసార్వభౌముడు ఆయనకు బావయనియు, పొలమునకు వచ్చి బావమరిది కష్టమును చూచి కృతిని రాజునకిమ్మని హితవు చెప్పెననియు కథలు కలవు. ఈ బంధుత్వమునకు చరిత్రలో గట్టి ఆధారము లేదు. అయినను ఆ కథలో లోకస్వభావము దాగియున్నది. శత్రువు బెదిరింపును ఎదుర్కొనుట ఒకయెత్తు. ప్రేమతో బంధువు చెప్పు హితవును మృదువుగా త్రోసిపుచ్చుట మరియొకయెత్తు. రెండవదే కష్టము.

మరియొక పరీక్షయు ఆయనకు తప్పలేదు. కోపించిన ప్రభువు గ్రంథమును భూమిలో పాతిపెట్టించెననియు, వెలికి తీయునప్పటికి కొన్ని భాగములు శిథిలములయ్యెననియు పెద్దలు చెప్పుకొను గాథ. కారణమేదైనను, నేడు మనకు లభించు భాగవతమున పంచమ స్కంధమును గంగన, షష్ఠ స్కంధమును ఏర్చూరి సింగన, ఏకాదశ ద్వాదశ స్కంధములను వెలిగందల నారయ రచించిరి. వీరిలో నారయ, తన స్కంధముల చివర పోతనామాత్యుని ప్రియశిష్యుడనని సగర్వముగా చెప్పుకొనెను. రాజు కప్పిన శాలువ కాలక్రమమున చినిగిపోవును. శిష్యుని హృదయమున గురువు నాటిన భక్తి చినుగునది కాదు. అపూర్ణమైన గ్రంథము ఇతరుల చేతులతో పూర్ణమగుట పోతన శీలమునకు లభించిన నిజమైన సత్కారము.

పోతన వ్రాసిన కథలను ఆయన బ్రతుకుతో కలిపి చదివినచో వానికి క్రొత్త వెలుగు వచ్చును. తండ్రియే కాలయముడై నిలిచినను హరినామము విడువని ప్రహ్లాదుడు. గురువైన శుక్రుడు వారించినను ఇచ్చిన మాట తప్పని బలిచక్రవర్తి. బలమంతయు ఉడిగిన పిమ్మట శరణాగతియే శరణ్యమని గ్రహించిన గజేంద్రుడు. స్నేహితుని ఐశ్వర్యమును చూచియు యాచింపని కుచేలుడు. వీరందరును ఆయనకు కేవలము పాత్రలు కారు. తాను నడిచిన త్రోవలో ముందు నడిచిన బాటసారులు. గజేంద్రుని మొర వ్రాయుచు పోతన మధ్యలో తోచక లేచిపోగా, స్వామియే పోతన రూపమున వచ్చి పద్యమును పూర్తిచేసెనను గాథను మన ముత్తవ్వలు కంట తడిపెట్టుకొని చెప్పెడివారు. ఆయన తన్ను సహజపండితుడని చెప్పుకొనెను. ఆ సహజత్వమే పండితుని పామరుని ఒక్కచోట కూర్చుండబెట్టి కంట నీరు తెప్పించుచున్నది.

ఆపదలో గజేంద్ర మోక్షము, కన్యల వివాహమునకై రుక్మిణీ కల్యాణము పారాయణము చేయుట మన గృహములలో ఆచారము. పారాయణము చేయునప్పుడు, ఆ పద్యములు వ్రాసిన చేయి దేనిని కాదనెనో ఒకమారు తలచుకొనవలయును. మనకెవ్వరికిని రాజులు కృతులడుగరు. కాని చిన్న లాభమునకై మాట మార్చుకొను సందర్భములు దినదినము ఎదురగును. అట్టివేళ నిశ్చలముగా నిలిచి, పనిచేసుకొని బ్రతికి, ఫలమును శ్రీహరికి అర్పించుటయే పోతన నేర్పిన పాఠము. ఆనాటి రాజుల కోటలు నేడు శిథిలములు. పోతన భాగవతము నేటికిని మన పూజామందిరమున పీఠముపై వెలసియున్నది.

శ్రీకృష్ణార్పణమస్తు.